కడప సీమ అభయారణ్యాలు, పక్షి కేంద్రాలు

వేంపల్లె, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు ఎవరినైనా అడవి జంతువులను చూడాలంటే ఎక్కడికి పోవాలని అడిగితే తలకోన పేరో, శ్రీశైలం పేరో చెబుతారు. కాస్త డబ్బున్నవాళ్లయితే బందిపూర్, పెరియార్ అంటారు. ప్రొద్దుటూరు పక్కనే పెన్న ఒడ్డున, రామేశ్వరం దగ్గర ఒక జాతీయ పార్కు ఉన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. 2005లో ఏర్పడిన ఈ రాజీవ్ గాంధీ జాతీయ పార్కు విస్తీర్ణం 2.4 చదరపు కిలోమీటర్లు. ఉదయం నడక మొదలుపెడితే ఎండ ముదరకముందే చుట్టి రావచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో జాతీయ పార్కు హోదా ఉన్నవి మూడే. శ్రీవేంకటేశ్వర, పాపికొండలు, ఆ తర్వాత ఈ చిన్న తోపు. మూడింటిలో రెండు పాత కడప జిల్లా నేల మీదే ఉన్నాయి.

పెద్ద పులి కనబడితేనే అడవి అనుకునే అలవాటు మనకుంది. ఆ అలవాటుతో చూస్తే కడప సీమలో చూడదగ్గది తక్కువే. ముళ్లపొద, బీడు, రాతిగుట్ట, ఊరి చింతచెట్టు, చెరువు తూము కూడా జీవాలకు ఇళ్లేనని తెలిసి చూస్తే మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా లేనివి ఇక్కడ ఉన్నాయి. వేంపల్లెను కేంద్రంగా పెట్టుకుని చుట్టుపక్కల అభయారణ్యాలను, ఆ తర్వాత కాస్త దూరంలో ఉన్న పక్షి కేంద్రాలను ఈ వ్యాసం పరిచయం చేస్తుంది.

నేల, కొండలు, ఏళ్లు

వేంపల్లె పాపఘ్ని ఒడ్డు ఊరు. తిరుపతి దగ్గర మొదలై వాయవ్యంగా సాగే శేషాచలం, పాలకొండల వరుస ఈ ప్రాంతాన్ని ఐమూలగా చీలుస్తుంది. కొండలకు ఎగువన రాయచోటి, పులివెందుల మెట్టలు, దిగువన కడప, ప్రొద్దుటూరు మైదానం. పాపఘ్ని ఆ కొండలను కోసుకుని కిందికి దిగేచోటే గండి. వీరాంజనేయస్వామి గుడికి శ్రావణంలో వెళ్లే జనం తల ఎత్తి రెండు పక్కల కొండలనూ చూస్తే, నది ఎంత కాలంగా ఆ రాతిని అరగదీస్తున్నదో అర్థమవుతుంది. భూగర్భ శాస్త్రంలో ఇక్కడి డోలమైటు పొరలకు 'వేంపల్లె ఫార్మేషన్' అని పేరు. భూమి మీద జంతువులు, పక్షులు పుట్టకముందు లోతు లేని సముద్రాల్లో బతికిన సూక్ష్మజీవుల పొరలు ఆ రాతిలో గుండ్రటి చారలుగా మిగిలిపోయాయి.

పాలకొండలకు ఆ పేరు పశువుల మేత వల్ల వచ్చిందంటారు. మేత బాగుండి పాలు దండిగా ఇచ్చే కొండలు. కడప నుంచి రాయచోటి పోయే ఘాట్‌లో పాలకోవాకు పేరుపడ్డ గువ్వలచెరువు ఉంది. బస్సు ఆగితే అందరూ కోవా కోసం దిగుతారు. ఊరి పేరులో గువ్వలూ ఉన్నాయి, చెరువూ ఉంది. పిట్టలను చూసి ఊరికి పేరు పెట్టుకున్న కాలం ఒకటి ఉండేదని ఆ బోర్డు గుర్తు చేస్తుంది.

వాన ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. పులివెందుల వైపు ఇంకా తక్కువ. కాబట్టి ఇక్కడి అడవి ఎత్తు తక్కువ, ముళ్లు ఎక్కువ. తుమ్మ, రేగు, కలివి, బలుసు, తంగేడు. కోనల్లోకి పోతే మాత్రం నీడ, నీళ్లు, ఎత్తయిన చెట్లు కనబడతాయి. చిరుత, ఎలుగొడ్డు, రేచుకుక్క, కణితి, దుప్పి, కొండగొర్రె, ముళ్లపంది, అలుగు, ఉడుము ఈ కొండల జీవాలు. దేవాంగపిల్లి కూడా ఉంది. పెద్ద గుండ్రటి కళ్లతో రాత్రిపూట కొమ్మల మీద నెమ్మదిగా పాకే చిన్న ప్రాణి ఇది. పగలు చూడాలనుకుంటే కుదరదు.

మైదానంలో పరిస్థితి వేరు. శెనక్కాయ చేలలో కౌజులు, పూరేళ్లు, కరెంటు తీగల మీద పాలపిట్టలు, బావుల మీదికి వంగిన కొమ్మలకు గిజిగాడి గూళ్లు. 2018లో ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర పక్షిగా రామచిలుకను ఎంచుకుంది, పాలపిట్ట తెలంగాణకు మిగిలింది. పిట్టకు ఆ సంగతి తెలియదు కాబట్టి వేంపల్లె పొలాల్లో ఎప్పటిలాగే ఉంది. గండికోట, మైలవరం జలాశయాలు, పార్నపల్లె దగ్గర చిత్రావతి జలాశయం నిండిన ఏడాది నీటికాకులు, నత్తగుల్ల కొంగలు, బొల్లికోళ్లు, చిలువబాతులు చేరతాయి. వీటికి అభయారణ్యం హోదా లేదు. అయినా చలికాలం పొద్దున కట్ట మీద గంటసేపు కూర్చుంటే చాలా అభయారణ్యాల్లో కన్నా ఎక్కువ పిట్టలే కనబడతాయి.

లంకమల్ల, కలివి కోడి

కడప సీమ పేరును ప్రపంచ పక్షి శాస్త్రంలో నిలబెట్టింది లంకమల్ల. పెన్నకు ఉత్తరాన, సిద్ధవటం, అట్లూరు, బద్వేలు మధ్య పరుచుకున్న కొండలివి. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం 1988లో ఏర్పడింది, విస్తీర్ణం దాదాపు 464 చదరపు కిలోమీటర్లు. లోపల లంకమల్లేశ్వరుడి గుడి, నిత్యపూజకోన ఉన్నాయి. శివరాత్రికి, కార్తీకమాసంలో భక్తులు కాలినడకన పోతారు. అడవిని వాళ్లు దేవుడి దారిగా చూస్తారు. శాస్త్రవేత్తలు వచ్చింది గుడికోసం కాదు, కొండ కింది ముళ్లపొదల కోసం.

ఆ పొదల్లో ఉండేది కలివి కోడి. పేరులో కోడి ఉన్నా ఇది కోడి కాదు. నేల మీద పరుగెత్తి పురుగులను ఏరుకునే సన్నకాళ్ల పిట్ట. పొడవు దాదాపు 27 సెంటీమీటర్లు. ఎదమీద రెండు గోధుమరంగు పట్టీలు, వాటి మధ్య తెలుపు, గొంతు దగ్గర నారింజ ఛాయ, కంటిమీద తెల్లటి గీత. రాత్రిపూట తిరుగుతుంది, చెదలు, చీమలు, చిన్న పురుగులు తింటుంది. కలివి పొదల నీడన తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. శాస్త్ర గ్రంథాల్లో దీని పేరు జెర్డన్స్ కోర్సర్. మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యుడిగా పనిచేస్తూ, నెల్లూరులో ఉన్న రోజుల్లో పక్షుల మీద పుస్తకం వేసిన టి.సి. జెర్డన్ దీన్ని మొదట సేకరించాడు. ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దీన్ని కొత్త జాతిగా వర్ణించాడు. తర్వాత గోదావరి లోయలో బ్లాన్‌ఫోర్డ్‌కు కనబడింది. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ కాంప్‌బెల్ చూశాడు. అంతే, ఆపై 86 ఏళ్లు ఆచూకీ లేదు. 1929-31 మధ్య తూర్పు కనుమల్లో జరిగిన వెర్నే పక్షుల సర్వేకూ దొరకలేదు. అంతరించిందనే అనుకున్నారు.

1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు కడప జిల్లాలో ఊరూరూ తిరిగి బొమ్మ చూపించి అడిగాడు. పట్నంలో పుస్తకాల్లో లేని సమాచారం పిట్టలు పట్టేవాళ్ల దగ్గర ఉంది. రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుగులో ఆ పిట్టను పట్టి తెచ్చాడు. ప్రపంచం చచ్చిపోయిందనుకున్న పిట్టకు ఆ పల్లెలో మామూలుగా పిలుచుకునే పేరు ఉంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. పిట్ట తప్పిపోలేదు, దాన్ని ఎరిగినవాళ్లను ఎవరూ అడగలేదు.

1988లో అభయారణ్యం వచ్చింది. అదే ఏడాది కలివి కోడి బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. కానీ కనబడటం మాత్రం అంతే అరుదు. రాత్రి తిరిగే, మనిషి అలికిడికి కదలకుండా నిలబడిపోయే పిట్టను లెక్కపెట్టడం ఎలా? 2000 తర్వాత పి. జగన్నాథన్, ఆయన బృందం చేసిన పని ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోదగ్గది. పొదల మధ్య ఖాళీ దారుల్లో పొడవాటి పట్టీలుగా నేలను చదును చేసి, జల్లెడపట్టిన సన్నమట్టి పరుస్తారు. సాయంత్రం చీపురుతో మట్టిని సాపు చేసి వెళ్లిపోతారు. తెల్లారి ఎండ పడకముందే వచ్చి వంగి చూస్తారు. కుందేలు గెంతిన గుర్తులు, పాము జారిన గీత, నక్క అడుగులు, కౌజు అడుగులు ఉంటాయి. వాటిలో మూడే వేళ్లున్న, వెనకవేలు లేని చిన్న అడుగు ఉందేమో వెతుకుతారు. కలివి కోడికి వెనకవేలు ఉండదు. అలాంటి గుర్తు పడినచోట కెమెరా పెడతారు. నేలను పలకగా చేసి పిట్ట చేతనే సంతకం పెట్టించుకున్నట్టు.

దాని పిలుపు ఎలా ఉంటుందో తెలిశాక వెతుకులాట కొంచెం సులువైంది. రెండు స్వరాల పిలుపు, పొద్దుగుంకాక వినబడుతుంది. ఎలాంటి చోట ఉంటుందో కూడా లెక్క తేలింది. హెక్టారుకు సుమారు 300 నుంచి 700 దాకా పొడవాటి పొదలున్న చోటు దానికి ఇష్టం. అంతకన్నా చిక్కగా ఉంటే పరుగెత్తలేదు, పలచగా ఉంటే దాక్కోలేదు. అంటే గొర్రెలు, మేకలు ఒక మోతాదులో మేసే చిట్టడవి దానికి సరిపోతుంది. కంచె వేసి మేతను పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకుంటాయి. యంత్రాలతో చదును చేసి నిమ్మతోటో, మామిడితోటో పెడితే అసలు చోటే ఉండదు. రెవెన్యూ లెక్కల్లో బంజరు అనిపించుకున్న నేల ఒక జాతికి చివరి ఇల్లు కావడం ఇక్కడి విచిత్రం.

ఆ నేలకే తెలుగుగంగ కాలువ గండం వచ్చింది. 2005 ప్రాంతంలో కాలువ తవ్వకం కలివి కోడి తిరిగే పొదలను తాకింది. విషయం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరకు కాలువ దారి మార్చారు, పొదల నేల సుమారు 3,000 ఎకరాలు సేకరించి కాపాడే ఏర్పాటు జరిగింది. నీళ్లు అడిగిన రైతు తప్పు చేయలేదు. కరువు సీమలో కాలువ ఆశ ఎంత పెద్దదో తెలియనివాళ్లు ఎవరు? కాలువ గీత కాగితం మీద గీసేటప్పుడే ఆ పిట్ట ఉనికిని లెక్కలోకి తీసుకుని ఉంటే రైతుకూ ఆలస్యం తప్పేది, పిట్టకూ పొదలు మిగిలేవి.

2008 తర్వాత చాలా ఏళ్లు దీని నిర్ధారిత ఆచూకీ దొరకలేదు. ఈలోగా స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో 1917లో కోలారు గనుల దగ్గర సేకరించిన ఒక గుడ్డు బయటపడింది. డీఎన్ఏ పరీక్షలో అది కలివి కోడిదేనని 2013లో తేలింది. ఒకప్పుడు ఈ పిట్ట కోలారు దాకా ఉండేదనడానికి అది సాక్ష్యం. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ఇది అంతరించే తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి. చూడాలనే ఆశతో లంకమల్ల వెళ్లేవాళ్లకు ముందే చెప్పాలి: ఇది కనబడదు. సిద్ధవటం కోట, పెన్న, కోనలు, నెమళ్లు, పికిలిపిట్టలు, జెముడుకాకులు కనబడతాయి. ఆ పొదలు కనబడతాయి. ఆ పొదలను చూడటానికైనా వెళ్లదగ్గ చోటు అది.

ఎర్రచందనం కొండలు

శేషాచలం కొండల్లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు 353 చదరపు కిలోమీటర్లు, 1989లో ఏర్పడింది. పాత చిత్తూరు, కడప జిల్లాలు రెంటిలోనూ ఉంది. 2010లో దీన్ని కలుపుకుని శేషాచలం జీవావరణ రిజర్వు ప్రకటించారు, విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్లు. తూర్పున వెలుగొండల్లో నెల్లూరు వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం 1997 నుంచి ఉంది, అది వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటుతుంది. నల్లమల పులుల అడవి నుంచి లంకమల్ల, పెనుశిల మీదుగా శేషాచలం దాకా అడవి తునకతునకలుగా కలుస్తుంది. పులులు దక్షిణానికి నడిచే దారిగా అటవీశాఖ దీన్ని కాపాడే ప్రయత్నంలో ఉంది.

ఈ కొండలకే ప్రత్యేకమైనది ఎర్రచందనం. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. రాతినేల, మండే ఎండ, నెమ్మదైన ఎదుగుదల దాని చేవకు కారణాలు. దొంగరవాణా కారణంగా అడవిలోకి ఎవరు పోతున్నా అటవీశాఖ అనుమానంగా చూస్తుంది. చూడవచ్చిన కుటుంబానికి అది ఇబ్బందిగా తోచినా అర్థం చేసుకోవాలి. గొడ్డలి దెబ్బకు పడిన చెట్టు మళ్లీ అంత కావడానికి ఒక మనిషి జీవితం చాలదు.

సందర్శకులకు అందుబాటులో ఉన్నవి తలకోన, మామండూరు. తలకోన జలపాతం ఎత్తు సుమారు 82 మీటర్లు. వేంపల్లె నుంచి రాయచోటి, పీలేరు మీదుగా పోవచ్చు. ఆదివారం జనం జలపాతం దగ్గరే ఉంటారు. పిట్టలు కావాలంటే మాత్రం తెల్లవారుజామున దిగువ దారిలో నడవాలి. రాతిగుట్టల మీద పసుపు గొంతు పికిలిపిట్ట కోసం దూరప్రాంతాల నుంచి పక్షి ప్రియులు వస్తారు. ఇది దక్షిణ భారతంలోని రాతి కొండలకే పరిమితమైన పిట్ట. తిరుమల కొండల్లో బంగారు బల్లి ఉంది. తడి రాళ్ల సందుల్లో రాత్రిపూట తిరుగుతుంది.

దక్షిణాన పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం ఏనుగుల కోసం ఏర్పడింది. దాదాపు రెండు వందల ఏళ్లు ఆంధ్ర అడవుల్లో లేని ఏనుగులు 1980ల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి తిరిగి వచ్చాయి. వాటిని చూడటానికి వెళ్లమని ఎవరికీ చెప్పలేం. చెరకు, వరి, అరటి పోగొట్టుకునే రైతులకు ఆ రాత్రులు విహారయాత్రలు కావు.

రోళ్లపాడు

పచ్చికబీడు అంటే ఏమిటో చూడాలంటే నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు వెళ్లాలి. విస్తీర్ణం 614 హెక్టార్లు, 1988లో అభయారణ్యమైంది. బట్టమేక పిట్ట కోసం ఏర్పడింది. ఎగరగలిగే పక్షుల్లో చాలా బరువైనవాటిలో ఇదొకటి, మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఏడాదికి సాధారణంగా ఒక్కటే గుడ్డు, అదీ బహిరంగంగా నేలమీద. కుక్క తిన్నా, గొర్రె తొక్కినా ఆ ఏడాది పోయినట్టే. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ దీన్ని జాతీయ పక్షిగా చేయాలని కోరాడు. 1963లో ఆ స్థానం నెమలికి దక్కింది.

1980ల్లో రోళ్లపాడులో బట్టమేక పిట్టల మీద బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధనలు నడిపింది. తర్వాత చుట్టూ సాగునీరు వచ్చింది. జొన్న, కొర్ర వేసే చేలలో ఇతర పంటలు వచ్చాయి, బీళ్లు తగ్గాయి. కంచె లోపల 614 హెక్టార్లు కాపాడినా, పిట్ట బతికింది కంచె బయటి చేలలో కూడా. ఇప్పుడు దేశం మొత్తంమీద మిగిలినవి 150 లోపే, ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. రోళ్లపాడులో కృష్ణజింకలు మాత్రం పెరిగాయి, ఎంతగా అంటే పక్క చేల రైతులకు అవి తలనొప్పి. బట్టమేక కోసం పెట్టిన అభయారణ్యంలో బట్టమేక లేదు. ఇది దాచుకోవలసిన సంగతి కాదు, ప్రతి సందర్శకుడికీ గేటు దగ్గరే చెప్పవలసిన సంగతి.

అయినా వెళ్లాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మధ్య ఆసియా నుంచి వచ్చే హారియర్ డేగలు ఇక్కడి పచ్చికలో రాత్రి గడుపుతాయి. పొద్దు వాలేవేళ ఒక్కొక్కటిగా నేలకు దగ్గరగా తేలుతూ వచ్చి గడ్డిలో దిగుతాయి. వందల డేగలు చెట్టు మీద కాకుండా నేలమీద నిద్రపోవడం చూడటానికి అరుదైన దృశ్యం. అదృష్టం ఉంటే వానాకాలంలో గడ్డిపైకి నిట్టనిలువున ఎగిరిపడే నేలనెమలి కూడా.

వీరాపురం చింతచెట్లు

హిందూపురం వైపు చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. దానికి కంచె లేదు, టికెట్టు లేదు. ఊళ్లో చింతచెట్ల మీద ఏటా చలికాలం నుంచి వేసవి చివరిదాకా వందల కొంగలు గూళ్లు కడతాయి. పొడవాటి పసుపు ముక్కు, తోక మీదికి వాలే గులాబీరంగు రెక్కఈకలు, ఎర్రకాళ్లు. అంతర్జాతీయ పేరు పెయింటెడ్ స్టార్క్. ఇళ్ల ముందు తెల్లటి రెట్ట, చేపల వాసన, రాత్రంతా ముక్కుల టకటక. పిల్లలకు తల్లిదండ్రులు గూటి అంచున చేపలు కక్కుతాయి. మధ్యాహ్నం ఎండ దంచుతుంటే తల్లి రెక్కలు విప్పి గొడుగులా నిలబడుతుంది. గాలికి గూడు కదిలి కిందపడ్డ పిల్లను ఊరివాళ్లే తీసి కాపాడతారు. కొంగలు రాకుంటే వాన రాదనే నమ్మకం ఊళ్లో ఉంది. ఒక ఏడాది చింతపండు రాలకపోయినా చెట్టు కొట్టరు.

పేపర్లలో వీటిని సైబీరియా కొంగలని రాస్తారు. ఇది తప్పు, ఎన్నిసార్లు సరిదిద్దినా మళ్లీ వస్తున్న తప్పు. ఈ కొంగలు దక్షిణాసియావే. నీళ్లు, చేపలు, చెట్లు ఎక్కడుంటే అక్కడికి దేశంలోనే తిరుగుతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో గూళ్లు కట్టే గూడబాతులనూ, కొంగలనూ సైబీరియావే అంటారు. నిజమైన సైబీరియా కొంగలు రాజస్థాన్ భరత్‌పూర్‌కు చలికాలం వచ్చేవి, 2002 తర్వాత అక్కడికీ రాలేదు. పేరులో తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ సైబీరియా నుంచి వచ్చే అతిథి అనుకుంటే మనం చేయగలిగేది స్వాగతం పలకడమే. మన చెరువు చేపల మీద బతికే మన పిట్ట అని తెలిస్తే చెరువు ఎండినప్పుడు ఆ బాధ్యత మనదవుతుంది. వీరాపురం చుట్టుపక్కల చెరువులు ఎండిన ఏళ్లలో పిల్లలు ఆకలికి చచ్చిపోయాయి. కారణం సైబీరియాలో కాదు, పక్క ఊరి చెరువులో ఉంది.

నేలపట్టు, పులికాట్

గూడబాతులను దగ్గర నుంచి చూడాలంటే సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు. విస్తీర్ణం 458.92 హెక్టార్లు, 1976 నుంచి అభయారణ్యం. చెరువులో నీటి కడప చెట్లు నిలబడి ఉంటాయి. నడుములోతు నీళ్లలో నెలలకొద్దీ మునిగినా చావని చెట్లివి. వాటి కొమ్మల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు గూళ్లు పెడతాయి. పాము, పిల్లి, మనిషి ఎవరూ నీళ్లు దాటి గూటిదాకా పోలేరు. చెరువు నిండిన ఏడాది అక్టోబరు నుంచి మార్చి దాకా సందడి. చెరువు నిండకపోతే గూళ్లూ ఉండవు.

అక్కడినుంచి పులికాట్ సరస్సు మరీ దూరం కాదు. శ్రీహరికోట రోడ్డు సరస్సును కోసుకుంటూ పోతుంది, రెండు పక్కలా లోతు లేని ఉప్పునీళ్లు. చలికాలంలో గులాబీరంగు ఫ్లెమింగోలు ముక్కును తలకిందులుగా నీళ్లలో ముంచి వడపోసుకుని తింటూ నిలబడి ఉంటాయి. భారతదేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. 2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ జరుపుతున్నారు. పండగ రోజుల కన్నా దాని ముందో, తర్వాతో వెళితే పక్షులు ప్రశాంతంగా కనబడతాయి.

పొరుగు రాష్ట్రాలు

వేంపల్లె వైపు నుంచి బెంగళూరు, చెన్నై పనిమీద పోయేవాళ్లు చాలామంది. వాళ్లు ఒక పూట మిగిల్చుకుంటే మైసూరు దగ్గర కావేరి దీవుల్లో రంగనతిట్టు ఉంది. సలీం అలీ మాట విని మైసూరు రాజ్యం 1940లో దాన్ని కాపాడింది. మద్దూరు దగ్గర కొక్కరె బెళ్లూరులో గూడబాతులు ఊరి చెట్ల మీదే ఉంటాయి, వీరాపురానికి కన్నడ తోబుట్టువు. చెన్నై దక్షిణాన వేడంతాంగల్ ఇంకా పాతది. రైతులు పక్షులను వేటగాళ్ల నుంచి కాపాడమని కంపెనీ కాలంలోనే కలెక్టరును కోరారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకు తెలుసు. ప్రభుత్వం కంచె వేయకముందే ఊరు కాపాడిన పిట్టలివి.

వెళ్లేముందు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి పోవడానికి అనుమతి కావాలి. పర్యటన, ఫొటోగ్రఫీ, అధ్యయనం అన్నిటికీ వేర్వేరుగా ఇస్తారు. లంకమల్లకు కడప, బద్వేలు వైపు అటవీ కార్యాలయాల్లో ముందే అడగాలి. జాతీయ పార్కులో పశువుల మేత పూర్తిగా నిషిద్ధం, అభయారణ్యంలో నియమాలకు లోబడి కొన్నిచోట్ల ఉంటుంది. నిప్పు రాజేయడం రెంటిలోనూ నేరం. వేసవిలో ఒక్క బీడీముక్క కొండనంతా కాల్చేస్తుంది.

బైనాక్యులర్ ఒకటి, ముదురురంగు బట్టలు, నీళ్లు చాలు. గూళ్లున్న చెట్టు కింద గట్టిగా మాట్లాడితే తల్లి లేస్తుంది, ఎండకు పిల్ల చచ్చిపోతుంది, కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. డ్రోన్ ఎగరేయడం, ఫోన్‌లో పిట్ట పిలుపు వినిపించి దాన్ని బయటికి రప్పించడం ఇంకా చెడ్డవి. ముఖ్యంగా కలివి కోడి పొదల్లో.

ఈ వైపు ఊళ్లవాళ్లు చేయగలిగిన పని ఒకటుంది. ముళ్లపొదల మెట్టలో, పొద్దు గుంకిన ముప్పావుగంటకు, చీకటి పూర్తిగా కమ్మేవేళ, రెండు స్వరాలుగా మళ్లీ మళ్లీ వచ్చే పిట్ట పిలుపు వినబడితే ఎక్కడ, ఏ తేదీ, ఎంతసేపు అన్నది ఒక కాగితం మీద రాసి అటవీ సెక్షన్ ఆఫీసులో ఇవ్వాలి. తీతువు కూడా రాత్రి అరుస్తుంది, దాని గొంతు గరుకు, అందరికీ తెలిసిందే. ఇది అది కాదు. ఆ పిలుపు కొన్ని నిమిషాలే ఉంటుంది, తర్వాత పొదలు మళ్లీ నిశ్శబ్దమవుతాయి.